మూడో గేరు దగ్గర తడబాటు

ఎర్రన్న చెవుల గురించి రెంజల్ చుట్టుపక్కల చెప్పుకునే మాటల్లో సగానికి సగం కోసేసినా, మిగిలింది ఒక మనిషికి ఎక్కువే. ట్రాక్టరు ఇంకా పొలిమేర దాటకముందే చప్పుడు విని అది ఎవరిదో, వెనక ఉన్నది వడ్లో సోయానో, కుడి టైరులో గాలి ఎంత తగ్గిందో చెప్పేవాడట. ఒక మధ్యాహ్నం గట్టు మీద కునుకు తీస్తున్నవాడు లేచి కూర్చుని, "బోధన్ల రైలుకు మూడో డబ్బల ఒక నట్టు వదులైంది" అన్నాడనీ, మర్నాడు రైల్వేవాళ్లు వచ్చి సరిగ్గా ఆ నట్టే బిగించి పోయారనీ ఒక కథ ఉంది. ఆ కథకు సాక్షి ఎవరయ్యా అంటే ఎర్రన్నే.

కథలు పక్కన పెడితే, ఆయన చెవులు మంచివన్నది మాత్రం నిజం. అవి చెరుకు బండి కింద తయారైన చెవులు. పదేళ్ల వయసులో బాపు వెంట ఎడ్లబండి మీద చెరుకు తీసుకుని బోధన్ ఫ్యాక్టరీకి పోతే, గేటు ముందు బండ్ల వరుస ఊరి అవతలి దాకా ఉండేది. వంతు వచ్చేదాకా రెండు రోజులు బండి కిందే మకాం. అక్కడ పడుకున్న పిల్లవాడికి చూడడానికి ఎడ్ల కాళ్లు తప్ప ఏమీ లేవు. అందుకని విన్నాడు. రోలర్లు చెరుకును నమిలే చప్పుడు, ఆవిరి ఊదే చప్పుడు, ఇరుసు అరిగిన బండి ఏడ్చే చప్పుడు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. సైరన్ ఆగిపోయింది. చెరుకు వేసినవాళ్లలో చాలామంది వరికీ పసుపుకూ మళ్లారు. ఎర్రన్న ఒకరి ట్రాక్టరు నడిపి, ఇంకొకరిది నడిపి, చివరికి సొంతంగా నాలుగు చక్రాల ట్రాలీ ఆటో ఒకటి కొన్నాడు. నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు బస్తాలు, సంతకు మేకలు, లగ్గాలకు టెంటు సామాన్లు. ఏది దొరికితే అది.

ఆయనకు, రేణుకమ్మకు ఒక్కడే కొడుకు. అఖిలేష్. అడిగిన మాటకు వెంటనే జవాబు చెప్పడం వాడికి పుట్టుక నుంచీ లేదు. "తిన్నవారా?" అంటే ఒక క్షణం ఆగి, గొంతు కొంచెం సవరించుకుని, అప్పుడు "ఆఁ, తిన్న బాపు" అనేవాడు. తెలియక ఆగాడనుకుని బడిలో పంతుళ్లు కొట్టేవాళ్లు. వాడికి తెలుసు. ఆగడం వాడి తీరు, అంతే. ఎర్రన్న నవ్వేవాడు.

"నీ నోట్ల రెండో గేరుకు, మూడో గేరుకు నడుమ ఒక గుంత ఉందిరా" అనేవాడు.

వాడు ఆగి, గొంతు సవరించుకుని, "ఆఁ, నీ నోట్ల బ్రేకే లేదు బాపు" అనేవాడు.

పెద్దయ్యాక వాడూ ట్రాలీ ఆటో కొన్నాడు. తండ్రి బండి ఏ రకమో సరిగ్గా అదే రకం, రెండేళ్లు కొత్తది. ఇంకేదీ దొరకలేదా అంటే, "ఒక తీరువే ఉంటే ఒకదాని సామాన్లు ఒకదానికి పనికొస్తయి" అన్నాడు. అంత ముందుచూపు ఉన్న పిల్లవాడు.

పోయినేడు వాడికి ఏర్గట్లలో దీక్షిత అనే పిల్లను చూసి వచ్చారు. అటువైపు వాళ్లకు పసుపు పంట. మాట కుదిరిన రోజు, వద్దన్నా వినకుండా ఒక సంచి పసుపు కొమ్ములు బండిలో వేశారు. రేణుకమ్మ వాటిని పట్టించి, జల్లించి, మూతి బిగుతుగా ఉన్న డబ్బాలో పోసి పెట్టింది. మాఘంలో లగ్గం అనుకున్నారు. పుష్యంలో ఒక తెల్లవారుజామున, మంచులో, బోధన్ రోడ్డు మీద వెనక లైటు లేకుండా ఆగి ఉన్న చెరుకు ట్రాక్టరు కిందికి అఖిలేష్ బండి పోయింది.

పెళ్లికాని పిల్లవాడు పోతే వాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. నలుగు పెట్టి, స్నానం పోసి, జిల్లేడు కొమ్మతో లగ్గం చేసినట్టు చేసి, అప్పుడు తీసుకుపోతారు. లోకం నుంచి ఒంటరిగా పంపకూడదని. కానీ దవాఖాన నుంచి వాడు తెల్లబట్టలో చుట్టుకుని వచ్చాడు. "తెరవొద్దు" అన్నారు పెద్దమనుషులు. జిల్లేడు కొమ్మ బట్ట మీదే పెట్టారు. రేణుకమ్మ పసుపు కలిపిన గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఎవరో ఆ గిన్నె ఆమె చేతుల్లోంచి తీసుకుని, ఎక్కడో పెట్టారు.

బండి ముందుభాగం కాగితంలా ముడుచుకుపోయింది. ఆ రకం బండ్లకు ఇంజన్ ముందు ముక్కులో ఉండదు, వెనక, సామాను పలకల కింద ఉంటుంది. దానికి గీత కూడా పడలేదు. ఆ సంగతి చెప్పినవాడు మంచి మాట చెబుతున్నాననుకునే చెప్పాడు. ఎర్రన్న మాత్రం ఆ మాట విన్నాక కొన్నాళ్లు కథలు చెప్పడం మానేశాడు.

*

వానాకాలం సగంలో ఎర్రన్న బండి ఇంజన్ పట్టేసింది. ఎనిమిదేళ్లు మోసిన ఇంజన్. ఇక బాగుపడదు అన్నాడు శేఖర్. శేఖర్‌కు నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద మెకానిక్ షెడ్డు ఉంది. అఖిలేష్‌తో కలిసి చదువుకున్నవాడు, వాడి పాడెకు భుజం ఇచ్చినవాడు. పోలీసులు వదిలాక అఖిలేష్ బండి ఎర్రన్న వాకిట్లోనే టార్పాలిన్ కింద ఉంది. దాని వైపు చూడకుండా శేఖర్ అన్నాడు.

"కాక, ఒక మాట అంట. తిట్టకు. అఖిల్‌గాని ఇంజన్ మంచిగుంది. నీ బండ్ల అచ్చంగ కూసుంటది."

ఐదో రోజు ఎర్రన్న తనే ఫోన్ చేసి, "తియ్యి" అన్నాడు.

శేఖర్ గొలుసు కట్టి ఇంజన్ దించి, రేకుల కింద ఒక పాత టైరు మీద కూర్చోబెట్టాడు. షెడ్డులో చోటు అయ్యేదాకా ఎనిమిది రోజులు అది ఇంట్లోనే ఉండాలి. విరిగిపోతాయని చిన్న చిన్న సెన్సార్లు విప్పి కవర్లో కట్టాడు. దుమ్ము పోకుండా, ఎలుకలు దూరకుండా తొర్రలన్నింట్లో బట్టపేలికలు కుక్కాడు. రేణుకమ్మ తన పాత చీర తెచ్చి ఇంజన్ మీద కప్పింది. ఎర్రన్న ఆ చీర ఒక్కసారి కూడా ఎత్తి చూడలేదు.

తర్వాత శేఖర్ దాన్ని తీసుకుపోయి ఎర్రన్న బండిలో బిగించాడు. ఇంజన్ నంబరు మార్పు కాగితాలు కూడా తనే దగ్గరుండి రాయించాడు. ఇంజన్ పైన అక్కడక్కడ పసుపు అంటి ఉంది. యంత్రానికి బొట్టు పెట్టని ఇల్లు ఈ జిల్లాలో ఉందా? అందుకని పట్టించుకోలేదు. తాళం తిప్పగానే బండి లేచింది. స్టీరింగు ముందు పలక మీద ఒక చిన్న పసుపు రంగు లైటు వెలిగి, ఆరకుండా అట్లాగే ఉండిపోయింది.

"సెట్ అయితది కాక. రెండు రోజులు తిప్పు" అన్నాడు శేఖర్.

ఎర్రన్న బండి తీసుకుని ఎడపల్లి వైపు బయలుదేరాడు. మొదటి గేరు, రెండో గేరు. రోడ్డు కొంచెం ఎత్తెక్కే చోట మూడో గేరులో వేసి తొక్కాడు. బండి ఆగింది. ఆగిపోలేదు, ఊరికే ఒక్క క్షణం ఆగి, లోపల గొంతు సవరించుకున్నట్టు చిన్న శబ్దం చేసి, అప్పుడు లాగింది.

ఎర్రన్న బండి పక్కకు తీసి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా ఇంజన్ల రోగాలు విన్న చెవులవి. ఈ తడబాటు ఏ ఇంజన్‌కు వచ్చినా "గాలి అందుతలేదు" అని వినగానే చెప్పగలవు. ఆ రోజు చెప్పలేదు. చెప్పనివ్వలేదు ఆయన.

అప్పటినుంచి ఆయన ప్రతి ఎత్తు దగ్గరా ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాడు. "ఎక్కుదామారా?" అనేవాడు. బండి ఆగి, గొంతు సవరించుకుని, ఎక్కేది. "గింత లోడైతే కష్టమా?" అనేవాడు. ఆగి, గొంతు సవరించుకునేది. ఈ సంగతి రేణుకమ్మకు చెప్పలేదు. రైలు నట్టు కథ నూరు మందికి చెప్పినవాడు ఈ ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు.

*

కార్తీకంలో బండి ఫిట్‌నెస్ గడువు ముగుస్తుంది. దానికి ముందు పొల్యూషన్ సర్టిఫికెట్ కావాలి. పెట్రోల్ బంకు పక్కన ఒక డబ్బా గదిలో ఆ పరీక్ష చేసే పిల్ల పేరు వర్ష. పొగ గొట్టంలో పైపు పెట్టి, కంప్యూటరు ముందు కూర్చుంది.

"పెద్దాయన, రేస్ ఇయ్యి. ఇంకా. గట్టిగ తొక్కు."

ఎర్రన్న తొక్కాడు. వెనక నుంచి ఒక నల్లటి మబ్బు లేచింది. వర్ష చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇది బండా, ఇటుక బట్టీనా?"

"కొత్త ఇంజన్ బిడ్డా. కొంచెం సిగ్గు పడ్తుంది."

"సిగ్గు పడ్తే ఎర్రగైతరు గని నల్లగైతరా? లిమిట్ దాటింది సూడు. ఫెయిల్. ముందల గా లైటు ఎందుకు వెలుగుతుంది?"

"దేవుని కాడ దీపం అనుకో."

"దేవునికైతే నేను సర్టిఫికెట్ ఇయ్య. గది ఆరినంక రా పెద్దాయన."

శేఖర్ తన చిన్న కంప్యూటరు తెచ్చి బండికి తగిలించాడు. గాలి ఎంత వస్తుందో కనిపెట్టే సెన్సార్ తప్పు చెబుతోందని అందులో వచ్చింది. ఆ సెన్సార్ ఒక మాట చెబుతుంది, దాన్ని నమ్మి బండి డీజిల్ పోసుకుంటుంది. గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. అందుకే పొగ. శేఖర్ సెన్సార్ విప్పి చూశాడు. కొస అంతా మసి. డీజిల్ బండికి అక్కడ మసి ఉండడం వింత కాదు. తుడిచి, అయినా ఎందుకని కొత్త సెన్సారే తెప్పించి పెట్టాడు. లైటు ఆరింది. జానకంపేట రైలు గేటు దాకా ఆరే ఉంది. గేటు దాటగానే మళ్లీ వెలిగింది. రెండోసారీ ఫెయిల్. వైర్లు మార్చాడు. మూడోసారీ ఫెయిల్.

"కాక" అన్నాడు శేఖర్, చేతిలోని పానా పక్కన పెట్టి, "నిజం చెప్పు. నడుస్తుంటె ఏడనన్న ఆగినట్టు, దగ్గినట్టు అయితుందా? నువ్వు ఇంటే నాకు కంప్యూటరు అక్కర లేదు."

ఎర్రన్న చెప్పులోంచి కనిపించే తన బొటనవేలు చూసుకున్నాడు.

"లేదురా. మంచిగనే పోతుంది."

జీవితంలో ఆయన ఆడిన అబద్ధాలు బండ్ల కొద్దీ ఉంటాయి. అన్నీ నలుగురు నవ్వడానికి ఆడినవే. దాచుకోవడానికి ఆడింది ఇదొక్కటే. శేఖర్ నమ్మాడు. నమ్మాడు కాబట్టి ఇంకోదారి చెప్పాడు.

"ఐతే నాకు దొరుకుతలేదు కాక. ఇంక ఆరు రోజులే ఉంది. వేరే ఇంజన్ ఒకటి ఉంది, అది ఎక్కిద్దాం. ఇది దించేద్దాం."

"దించి?"

"తుక్కుల పోతది. లైటు ఆరని ఇంజన్ ఎవడు కొంటడు?"

ఎర్రన్న లేచి నిలబడ్డాడు. బండి ఎక్కి ఇంటికి పోయాడు.

*

రేణుకమ్మ బర్రెకు గడ్డి వేస్తోంది. ఎర్రన్న గోడకు ఆనుకుని కూర్చుని, తలెత్తకుండా, శేఖర్ అన్నదంతా చెప్పాడు. పొగ, లైటు, సెన్సార్, తుక్కు.

"గా సెన్సార్ ఏడుంటది?" అంది ఆమె.

"గాలి గొట్టం పక్కకు, కింది దిక్కు. గింత తొర్ర" అని బొటనవేలి గోరు చూపించాడు. "అండ్ల పెడ్తరు."

ఆమె గోరు వైపు చూసింది. గడ్డి మోపు కింద పెట్టి లోపలికి పోయింది.

తెల్లారి ఎర్రన్న బండి తీసేసరికి ఆమె ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒళ్లో ఒక చిన్న గుడ్డమూట. కొడుకు పోయిన తర్వాత ఆమె ఆయన బండి ఎక్కలేదు. సద్దుల బతుకమ్మకు చెల్లెలి ఇంటికి కూడా బస్సులో పోయింది.

"ఏడికి?" అన్నాడు.

"శేఖర్ కాడికి. పోనియ్యి."

రెంజల్ దాటారు. రోడ్డుకు రెండు పక్కలా కోసిన వరి మోళ్లు, మధ్యలో అక్కడక్కడ చెరుకు. ఎత్తు దగ్గర ఎర్రన్న అలవాటుగా నోరు తెరిచి, పక్కన భార్య ఉందని మూసుకుని, మళ్లీ ఉండబట్టలేక అడిగేశాడు.

"ఎక్కుదామారా?"

మూడో గేరు పడింది. బండి ఆగి, గొంతు సవరించుకుని, లాగింది.

"ఇన్నవా?" అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "గట్లనే కదనే వాడు? ఆగి, గొంతు సరిజేసుకుని? మూడు నెల్లాయె. రోజు మాట్లాడ్తుండు నాతోని. నీకు చెప్తే పిచ్చోడంటవని చెప్పలే. శేఖర్‌గానికి చెప్తే బాగు చేస్తడని చెప్పలే."

రేణుకమ్మ ఒళ్లో మూటను సర్దుకుంది. బండి ఎడపల్లి చేరింది.

"వాడు కాదు అది" అంది. "నా పసుపు."

ఎర్రన్నకు అర్థం కాలేదు.

"టైరు మీద కూసోబెట్టిండ్రు కద. రెండో దినం నువ్వు సంతకు పోయినవ్. చీర తీసి సూసిన. తొర్ర తొర్రల బట్టలు కుక్కి ఉన్నయ్. పీనుగు ముక్కుల దూది పెట్టినట్టు. నాకు పానం ఆగలే. అన్ని తీసేసిన." ఆమె కొంగు మొన వేలికి చుట్టుకుంటూ విప్పుతూ చెప్పింది. "ఏర్గట్లోళ్ల పసుపు ఉండె. సెనగపిండి, నూనె ఏసి కలిపిన. ఆ దినం పెట్టనియ్యలే కద నన్ను. ఒళ్లంత పెట్టిన. చిన్నగున్నప్పుడు చెవులెన్క, బొడ్డుల, ఏడ మట్టి ఉంటదో ఆడ బొటనేలు పెట్టి రుద్దుతుంటి కద, గట్లనే రుద్దిన. తొర్రలల్ల గూడ. మల్ల బట్టలు ఎట్లున్నవట్ల పెట్టిన. ఎవ్వలకు తెల్వద్దని."

ఎర్రన్న బండి పక్కకు ఆపాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది. పసుపు లైటు వెలుగుతూనే ఉంది. ఒక చెరుకు ట్రాక్టరు వాళ్లను దాటుకుంటూ పోయింది. అది ఎవరిదో, ఎంత లోడు ఉందో ఆయన వినలేదు.

"గాలి అందుతలేదు దీనికి" అన్నాడు చివరికి. "మొదటి దినమే తెలుసు నాకు."

"తెలిసే ఊకున్నవా?"

"తెలిసే."

ఇద్దరూ ఒకే తొర్ర దగ్గర ఒకరికి తెలియకుండా ఒకరు కొడుకును దాచుకున్నారు.

"కడగకపోతే?" అంది రేణుకమ్మ.

"దించి తుక్కుల ఏస్తరు."

"కడిగితే?"

కడిగితే ఏం పోతుందో ఆమెకు మాత్రం తెలియదా? ఎర్రన్న గేరు వేసి, నిజామాబాద్ దాకా రెండో గేరు దాటకుండా నడిపాడు. వెనక బస్సులు హారన్లు కొట్టాయి, మోటార్‌సైకిళ్ల వాళ్లు తిరిగి చూసి తిట్టుకుంటూ పోయారు. ఎడ్లబండి కూడా దాటేసేదే, ఈ రోజుల్లో ఎడ్లబండ్లు లేవు కాబట్టి సరిపోయింది.

*

రేణుకమ్మ చెప్పిందంతా శేఖర్ విన్నాడు. సామాను పలకలు పైకి లేపి, సెన్సార్ విప్పి, టార్చి వేసి తొర్రలోకి చూశాడు. సన్న స్క్రూడ్రైవరుతో లోపల గీరాడు. పైన మసి పెచ్చు ఊడింది. దాని కింద, ఇంజన్ వేడికి ఇటుకలా కాలి గట్టిపడిన ఒక పొర. దాని కింద ఇంకా పసుపు రంగు. వేలు పెట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. డీజిల్ వాసన, ఆ వెనక లగ్గం ఇంటి వాసన. శేఖర్ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"మసి అనుకున్న చిన్నమ్మ" అన్నాడు. "కొస తుడిచిన గని తొర్ర సూడలే."

"జరుగు" అంది రేణుకమ్మ. "నేను కడుగుత."

గుడ్డమూట విప్పింది. అందులో ఒక చిన్న ఇత్తడి చెంబు, ఒక మెత్తటి పాత బట్ట, వేపపుల్ల. అఖిలేష్ పసివాడుగా ఉన్నప్పుడు నీళ్లు పోసిన చెంబు.

"నలుగు పెట్టినంక తానం పొయ్యాలె కద" అంది, ఎవరితోనో అన్నట్టు. "నేను పొయ్యలే. మధ్యల ఇడిసిపెట్టిన. గది నా తప్పు."

"నీళ్లు పొయ్యొద్దు చిన్నమ్మ. డీజిల్‌తోని కడగాలె."

"ఐతే డీజిలే పొయ్యి చెంబుల."

శేఖర్ గాలి గొట్టం మొత్తం విప్పి ఆమె ముందు పెట్టాడు. చెంబులో డీజిల్ పోశాడు. ఆమె కాళ్లు బార్లా చాపి కూర్చుని, బిడ్డను కాళ్ల మీద వేసుకున్నట్టు దాన్ని కాళ్ల మీద పెట్టుకుంది. వేపపుల్లకు బట్ట చుట్టి తొర్రలో తిప్పింది. ఒక్కొక్క చుక్కా పోస్తూ, ఇంకో చేత్తో అంచు కాచుకుంటూ. కళ్లల్లోకి పోకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టే తల్లుల అలవాటు అది. పసుపు కరిగి, మసితో కలిసి, శేఖర్ కింద పెట్టిన సగం కోసిన డబ్బాలోకి కారింది. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఎర్రన్న షెడ్డు బయట వీపు తిప్పి నిలబడి, అన్నీ వింటున్నాడు. పుల్ల తొర్రలో తిరిగే చప్పుడు. గీరుకునే చప్పుడు. తర్వాత గీరుకోవడం ఆగి, మెత్తగా, ఖాళీగా తిరిగే చప్పుడు.

"అయింది" అంది రేణుకమ్మ.

శేఖర్ అన్నీ బిగించి, కంప్యూటరు తగిలించి, లైటు ఆర్పాడు. కోసిన డబ్బా పారబోయబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఆ పసుపు డీజిల్‌ను ఒక సీసాలో పోయించుకుని, మూత బిగించి, చెంబుతో పాటు గుడ్డలో కట్టుకుంది.

బంకు దగ్గర వర్ష బండిని చూసి, "వచ్చిండు బట్టీ పెద్దాయన" అని నవ్వింది. పైపు పెట్టింది. "తొక్కు. ఇంకా. ఇంకా." వెనక నుంచి వచ్చినది కంటికి కనిపించలేదు. ఆమె కంప్యూటరు వైపు వంగి, మళ్లీ గొట్టం వైపు చూసి, పైపు సరిగ్గా ఉందో లేదో చూసుకుంది.

"ఏం చేసిండ్రు దీనికి?"

"తానం పోసినం బిడ్డా" అన్నాడు ఎర్రన్న.

వర్ష ఇంకో నవ్వు మాట వస్తుందేమోనని చూసింది. రాలేదు. నంబరు పలక ఫోటో తీసి, సర్టిఫికెట్ తీసి ఇచ్చింది. ఎర్రన్న దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగుదారిలో ఎండ మెత్తబడింది. బండి మంచిగా పోతోంది. ముందు పలక మీద లైటు వెలిగే చోట ఒక చిన్న నల్లటి గుర్తు మిగిలింది. ఎర్రన్న చూపు ఊరికే అటే పోతోంది. జానకంపేట గేటు దాటినా అది వెలగలేదు.

ఎడపల్లి దాటాక ఎత్తు వచ్చింది. ఆయన ఏమీ అడగలేదు. రెండో గేరు తీసి మూడో గేరు వేశాడు. బండి ఎక్కడా ఆగకుండా, అడిగేవాడే లేనట్టు, నున్నగా ఎత్తు ఎక్కేసింది.

రేణుకమ్మ ఒళ్లో మూట మీద రెండు చేతులూ పెట్టుకుని, తల కొంచెం వంచి, మొదటిసారి చెవి పెట్టి వింటోంది. ఎత్తు దిగేదాకా విని, అప్పుడు అడిగింది.

"ఏమంటుండు?"

రైలు డబ్బా నట్టు కథ చెప్పిన మనిషి. ఫ్యాక్టరీ సైరన్ మూగబోయిన రోజు దాని ఆఖరి కూత ఒక సీసాలో పట్టి పెట్టానని సంతలో ఒట్టు పెట్టి చెప్పిన మనిషి. ఒక్క మాట చాలు, ఆమె నమ్మడానికి సిద్ధంగా ఉంది. ఆ మాట కోసం ఆయన వెతికాడు. చాలా దూరం వెతికాడు. రెంజల్ పొలిమేర కనిపించింది.

"ఏం అంటలేడు" అన్నాడు. "నడుస్తుండు."

ఆమె తల ఊపి, మూట కదలకుండా ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.